ఒడి టికెట్టు

గోదావరి జిల్లాల్లో మా వాళ్ళుండే ఏ వీధిలోకైనా వెళ్ళండి. అమలాపురం, రాజోలు కావచ్చు, ఏటికి ఇవతల నరసాపురం, పాలకొల్లు కావచ్చు. "అటు" అనే మాట వినిపిస్తుంది. మా అల్లుడు అటున్నాడు, మా పెద్దోడు అటే, చిన్నోడికి కూడా అటు వీసా వచ్చింది. అటు అంటే ఎటు అని ఎవరూ అడగరు. కువైత్, మస్కట్, దుబాయ్, దోహా, రియాద్ అన్నీ కలిపి మాకు ఒకటే దిక్కు. నమాజుకి నిలబడే దిక్కు కూడా అదే కావడం కాకతాళీయం.

ఈ "అటు" గురించి పత్రికల్లో చాలా వచ్చింది. మేమూ రాశాం. ఏజెంట్ల మోసాలు, వయసు పెంచి రాయించిన పాస్‌పోర్టులు, జీతం అడిగితే గదిలో పెట్టి తాళం వేసిన యజమానులు, పెట్టెల్లో తిరిగొచ్చిన శవాలు. ఇరవై ఏళ్ళు ఇవే రాసి రాసి, ఒక చిన్న సంగతి మేం ఎప్పుడూ రాయలేదని ఈ మధ్యే గమనించాం. అటున్న తండ్రి దగ్గరికి ఇటు నుంచి ఏడాదిన్నర పిల్లనో రెండేళ్ళ పిల్లాడినో చంకనేసుకొని వెళ్ళే తల్లి ప్రయాణం. ఇది కూడా ఒక సమస్యేనా అని నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. ఆ నాలుగైదు గంటలు ఆ సీట్లో కూర్చున్న తల్లి నవ్వదు.

ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చెప్పాలి. మా వాళ్ళలో డ్రైవర్లు, టైలర్లు, మెకానిక్కులు, కొట్లలో పనిచేసేవాళ్ళే ఎక్కువ. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఇంత ఉండాలని అక్కడి ప్రభుత్వాల లెక్క ఉంటుంది. కువైత్ అయితే 2022లో కుటుంబ వీసాలే ఆపేసి, 2024లో షరతులు పెట్టి తెరిచింది. అందువల్ల భార్యాబిడ్డలు ఎక్కువమంది విజిట్ వీసా మీద వెళ్తారు. కొన్నాళ్ళుండి వస్తారు. తండ్రి తెలియని పిల్ల తండ్రిని చూడబోతుంది. ఊళ్ళోంచి ఆటో, ఆ తర్వాత రాత్రంతా కారో రైలో హైదరాబాదు దాకా. కాస్త డబ్బుంటే మధురపూడి నుంచి, చాలాసార్లు రెక్కలకి పంకాలు తిరిగే ఆ చిన్న విమానంలో, శంషాబాదు దాకా. అక్కడ గంటల తరబడి క్యూలు. అసలు విమానం ఎక్కేసరికే బుడ్డదానికి నిద్ర తప్పి, ఆకలి తప్పి, కొత్త ముఖాలు చూసి చూసి విసుగెత్తి ఉంటుంది. అప్పుడు దాన్ని కదలకుండా కూర్చోబెట్టమంటారు.

కూర్చోబెట్టేది ఎక్కడ? రెండేళ్ళు నిండని బిడ్డకి సీటు ఉండదు. విమానాల లెక్కలో అది శిశువు. కొద్దిపాటి డబ్బుతో టికెట్టు రాస్తారు, చోటు మాత్రం తల్లి ఒళ్ళోనే. రాజమండ్రిలో మాకు తెలిసిన ట్రావెల్స్ కుర్రాడు దాన్ని "ఒడి టికెట్టండి" అంటాడు. మంచి మాట. ఇన్‌ఫెంట్ టికెట్టు అనే దానికంటే ఇదే నిజానికి దగ్గరగా ఉంది.

ఒడి అంటే మా ఇళ్ళల్లో చిన్న సంగతి కాదు. ఉర్దూలో తల్లి గోద్‌ని మొదటి మద్రసా అంటాం, తెలుగులో తొలి బడి అంటారు. రెండు భాషలూ ఇంతగా ఒప్పుకున్న విషయం ఇంకొకటి మాకు గుర్తు రావడం లేదు. డెల్టాలో పుట్టిన బిడ్డ ఆ ఒడిలోనే లోకం తిరుగుతుంది. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటేటప్పుడు ఒళ్ళోనే. బస్సులో ఒళ్ళోనే, ఆటోలో ఒళ్ళోనే, స్కూటర్ మీద తల్లీ తండ్రీ మధ్య ఇరుక్కొని. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని మోటార్ సైకిలెక్కిస్తే నడిపేవాళ్ళకి కట్టే పట్టీ, తలకి హెల్మెట్ ఉండాలని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. రాజమండ్రి దేవీచౌక్‌లో గంట నిలబడి చూడండి, ఆ పట్టీ ఒక్కటి కనపడితే మాకు చెప్పండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగాక కొన్నాళ్ళు లైఫ్ జాకెట్ల గురించి అందరం తెగ మాట్లాడుకున్నాం. బిడ్డ సంగతి వచ్చేసరికి మాత్రం తల్లి చేతుల కంటే గట్టివి ఏముంటాయన్న నమ్మకం మాలో కదల్లేదు.

ఆ నమ్మకాన్ని లెక్క కట్టి చూద్దాం. ఇప్పటి పెద్ద విమానాల సీట్లు, మనిషి బరువు ఒక్క క్షణం 16 రెట్లయినట్టు తోసుకొచ్చినా తట్టుకొనేలా పరీక్షించి బిగిస్తారు. సీటుకి అంత బలం అవసరమని వాళ్ళు అనుకున్నారన్నమాట. ఏడాదిన్నర బిడ్డ పది కిలోలుంటుంది. పదహారు పదులు నూట అరవై. అంటే రెండు ధాన్యం బస్తాలు దాటిన బరువు. కోతల కాలంలో ఒక్క బస్తా భుజానికెత్తడానికే మనిషి ఊపిరి బిగబడతాడు. రెండు బస్తాలు హఠాత్తుగా ముందుకి ఎగిరితే చేతులతో ఆపగల తల్లి ఏ జిల్లాలోనూ లేదు. అంత పెద్ద ప్రమాదాలు అరుదే, నిజమే. గాలి కుదుపులు అరుదు కాదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం బర్మా మీద కుదుపులో పడితే ఒకాయన చనిపోయారు, బెల్టు పెట్టుకోని వాళ్ళు లేచి పైకప్పుకి కొట్టుకున్నారు. 

ఒడి టికెట్టు మీద ప్రపంచంలో జరిగిన పెద్ద వాదన ఒక స్త్రీ వల్ల మొదలైంది. 1989 జులై 19న అమెరికాలో సూ సిటీ అనే ఊళ్ళో యునైటెడ్ 232 విమానం కూలింది. 112 మంది పోయారు. అందులో ఒడి పిల్లలు నలుగురున్నారు. దిగబోయే ముందు ఆ పిల్లల్ని తల్లుల కాళ్ళ దగ్గర నేల మీద పెట్టమని జాన్ బ్రౌన్ అనే విమాన సహాయకురాలు చెప్పింది. అప్పటి పద్ధతి అదే, ఆమెకి నేర్పింది అదే. నలుగురిలో ఒకడు, 22 నెలల పిల్లవాడు, బతకలేదు. కూలిన విమానంలోకి బిడ్డ కోసం తిరిగి వెళ్ళబోతున్న ఆ తల్లిని ఆపింది కూడా జాన్ బ్రౌనే. తర్వాత ఆమె ఏళ్ళ తరబడి ప్రభుత్వం చుట్టూ తిరిగింది. ప్రతి బిడ్డకీ సీటు, సీటులో పట్టీ ఉండాలంది. ప్రమాదాలు విచారించే సంస్థ ఆమె వైపే మాట్లాడింది. విమానయాన శాఖ ఒప్పుకోలేదు. వాళ్ళు చెప్పిన కారణం వినండి: పిల్లలకీ పూర్తి టికెట్టు కొనమంటే కొనలేని కుటుంబాలు కార్లెక్కుతాయి, రోడ్ల మీద ఇంకా ఎక్కువమంది పిల్లలు పోతారు.

ఇది చదివినప్పుడు మాకు కోపం వచ్చింది. డబ్బు లెక్కకి దయ రంగు పూశారనిపించింది. కానీ రాజోలు నుంచి శంషాబాదు దాకా రాత్రంతా నిద్రమత్తు డ్రైవర్ పక్కన, ముందు సీట్లో, ఒళ్ళో బిడ్డతో వెళ్ళే మా ఆడవాళ్ళని తలచుకుంటే ఆ మాటని పూర్తిగా కొట్టేయలేకపోయాం. మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే ప్రమాదమైన ముక్క విమానం కాదు, ఆ కారే. కాబట్టి డబ్బులు చాలక ఒకచోటే జాగ్రత్త పడగలం అనుకునేవాళ్ళు మొదట కారులో వెనక సీట్లో కూర్చోండి. ఇది ముందు చెప్పి తర్వాత విమానంలోకి వెళ్దాం.

సీటు కొనలేని తల్లికి విమానంలో ఒక చిన్న సాధనం ఉంది. పెద్దవాళ్ళ బెల్టుకి తగిలించే ఇంకో చిన్న బెల్టు, బిడ్డ నడుము చుట్టూ వేస్తారు. మన విమానాల్లో, గల్ఫ్ విమానాల్లో సాధారణంగా ఇస్తారు. యూరప్‌లో ఒళ్ళో పిల్లకి అది తప్పనిసరి. అమెరికాలో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వాడనివ్వరు, తల్లి ముందుకి వంగితే ఆ బెల్టులోని బిడ్డ తల్లికీ బెల్టుకీ మధ్య నలుగుతుందని. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. కుదుపులో బిడ్డ ఎగిరి పోకుండా ఉండడానికి మాత్రం అది పనికొస్తుంది, కాబట్టి ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే అడగాలి. చేయకూడనిది ఒకటుంది. తన బెల్టునే బిడ్డ చుట్టూ కూడా తిప్పి పెట్టుకోవడం, ఓణీతో బిడ్డని పొట్టకి కట్టేసుకోవడం. మా వాళ్ళు ప్రేమకొద్దీ చేసే పని ఇది. అప్పుడు తల్లి బరువంతా బిడ్డ మీదే పడుతుంది.

అడగాలి అన్నాం. ఏ భాషలో అడగాలి?

బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. బురఖా కనపడగానే విమానంలో అమ్మాయిలు గబగబా హిందీ మొదలుపెడతారు. తురకవాళ్ళంటే ఉర్దూ వచ్చి తీరుతుందని వాళ్ళ లెక్క. డెల్టాలో తెలుగు తప్ప ఇంకో భాష ఇంట్లో వినని ముస్లిములు ఎంతోమంది. నూర్‌బాషా వాళ్ళు ఇంట్లోనూ తెలుగే మాట్లాడతారు. మాలాగా ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళకి కూడా మైకులో వచ్చే ఆ సంస్కృతం కలిసిన హిందీ సగమే ఎక్కుతుంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి "మీకు ఉర్దూ రాదా?" అని ఆశ్చర్యపోతాడు, వస్తే "తెలుగు బాగా మాట్లాడతారే" అని మెచ్చుకుంటాడు. రెండింటికీ నవ్వి ఊరుకోవడం మాకు అలవాటే. బిడ్డ బెల్టు దగ్గర నవ్వి ఊరుకుంటే కుదరదు. 2022 సెప్టెంబర్‌లో విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తున్న విమానంలో అత్యవసర ద్వారం దగ్గర కూర్చున్న ఒకావిడకి తెలుగు తప్ప రాదని ఆవిణ్ణి వేరే సీటులోకి మార్చారు. తోటి ప్రయాణికురాలు ఆ సంగతి బయటపెడితే అప్పటి తెలంగాణ మంత్రి కె.టి.ఆర్. స్పందించారు, ఆ ఊరి భాష తెలిసిన సిబ్బందిని పెట్టుకోమన్నారు. ఆంధ్రలో బయలుదేరి తెలంగాణలో దిగే విమానంలో తెలుగు ఆపదకి పనికిరాని భాష అయిందన్నమాట. ద్వారం దగ్గర కూర్చున్నావిడని మార్చగలరు. ఒళ్ళో బిడ్డతో కూర్చున్నావిడని ఎక్కడికి మారుస్తారు? ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం ఒక్కటే దారి.

అందుకని మేం చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ ఒకటే చెప్తున్నాం. సీట్లో కూర్చోగానే బిడ్డని చూపించి "బేబీ బెల్ట్" అనండి. ఆ రెండు ముక్కలు ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతాయి.

ఇక ఏడుపు. ఇది రాయడానికి కొంచెం ఆలోచించాం.

ఏ బిడ్డయినా విమానంలో ఏడుస్తుంది. ఏడిస్తే అందరూ తిరిగి చూస్తారు. చీర కట్టుకున్నావిడ బిడ్డ ఏడిస్తే "పాపం చిన్నపిల్ల" అనే చూపు ఒకటి, "పెంచడం రాదు" అనే చూపు ఒకటి. బురఖా వేసుకున్నావిడ బిడ్డ ఏడిస్తే మూడో చూపు ఇంకొకటి ఉంటుంది. "వీళ్ళింతే." ఆ చూపులో బిడ్డ ఉండదు, తల్లీ ఉండదు, మేమందరం ఉంటాం. ఎంతమందిని కన్నావు, నీ మొగుడేం చేస్తాడు, ఇన్ని పెట్టెలెందుకు అనేవన్నీ ఆ చూపులో ఉంటాయి. అందరూ అలా చూస్తారని అనడం లేదు. ఒక్కరు చూసినా తల్లి ఒంటికి తెలుస్తుంది. మా ఇళ్ళలో ఆడపిల్లకి చిన్నప్పటి నుంచీ నేర్పేది అదే కదా, బయటికి వెళ్తే నలుగురిలో మన పేరు చెడగొట్టకు అని. ఆ భారమంతా ఇరవై రెండేళ్ళ తల్లి ఏడాదిన్నర బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టి మోస్తుంది.

ఆ సిగ్గు రెండు ప్రమాదాలు తెస్తుంది. మొదటిది, బెల్టు విప్పడం. రెండేళ్ళు దాటి సొంత సీటున్న పిల్లాడు బెల్టు పెట్టగానే ఆరునొక్క రాగం అందుకుంటాడు. విమానం దిగబోతోంది, అందరూ చూస్తున్నారు. తల్లి బెల్టు విప్పి ఒళ్ళోకి లాక్కుంటుంది. పిల్లాడు ఊరుకుంటాడు, చూపులు ఆగిపోతాయి. టికెట్టు పూర్తిగా కొన్న సీటు ఖాళీగా ఉంటుంది, అదీ అది అన్నిటికంటే అవసరమైన పది నిమిషాల్లో. రెండోది, మందు. ఎక్కే ముందు ఒక మూత జలుబు సిరప్ పోస్తే అటు దిగేదాకా లేవదని వీధిలో ఒక నానీ చెప్తుంది, మెడికల్ షాపువాడు ఇస్తాడు. ప్రోమెథజీన్ అనే మందు రెండేళ్ళ లోపు పిల్లలకి ఊపిరి ఆపేయగలదని అమెరికా మందుల శాఖ 2004లోనే హెచ్చరించింది. మన దేశంలో జలుబుకిచ్చే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని 2023 డిసెంబర్‌లో ఆదేశం వచ్చింది. సీసా మీద రాసింది ఇంగ్లీషులో, చదవాల్సింది నానీ. పైగా కొందరు పిల్లలకి ఈ నిద్రమందులు ఎదురు తిరుగుతాయి. పడుకోవడం మానేసి నాలుగు గంటలూ పిచ్చెక్కినట్టు గెంతుతారు. డాక్టర్ని అడగకుండా ఒక్క చుక్క వద్దు. నలుగురి చూపు కోసం బిడ్డకి మత్తు పెట్టే రోజు మాకు ఎందుకొచ్చిందని ఎవరినైనా అడగాలనిపిస్తుంది. ఎవరిని అడగాలో తెలీదు.

కొన్నేళ్ళ క్రితం షార్జాలో ఉన్న మా బావ దగ్గరికి చెల్లెల్నీ ఆమె పాపనీ తీసుకొని దుబాయ్ విమానమెక్కాం. పాపకి ఇరవై నెలలు. ఎక్కిన అరగంటకే మేం పెద్దవాళ్ళందరం చేతులెత్తేశాం. నడిచే దారికి అవతల సీట్లో ఒకావిడ కూర్చుంది. మలికిపురం వైపు మనిషి, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. "బుడ్డదాన్ని ఇలా ఇవ్వండి చెల్లెమ్మా, నేను ఆడిస్తాను" అంది. మా చెల్లెలు మొహమాటపడింది. "పర్లేదండీ, నా పనే ఇది" అంది ఆవిడ. నిజంగానే ఆవిడ పని అది. అటు ఒక అరబ్బు ఇంట్లో ముగ్గురు పిల్లల్ని చూసుకుంటుంది. ఆ కుటుంబం సెలవులకి విమానమెక్కితే ఆవిణ్ణీ ఎక్కిస్తారు. మేడమ్ నిద్రపోతుంది, పిల్లలు ఆవిడ దగ్గరుంటారు. విమానంలో పసిపిల్లల్ని ఆడించడంలో ఆవిడకున్న అనుభవం ఏ పుస్తకం రాసినవాళ్ళకీ ఉండదనిపించింది.

ఆవిడ ముందు మా చెల్లెల్ని కిటికీ పక్కకి మార్చింది. దారి పక్కన పసిపిల్ల వద్దట. చెయ్యి బయట పెడితే బండి తగులుతుంది, వేడి టీ కప్పులు సరిగ్గా పిల్ల తల మీదుగా పోతాయి. ఆ తర్వాత సంచిలోంచి ఒక చిన్న మూత డబ్బా తీసింది. అందులో మరమరాలు. పాప చేతికి ఒక్కొక్కటే ఇచ్చింది. ఒకటి పట్టుకోవడానికి అర నిమిషం, నోట్లో పెట్టుకోవడానికి అర నిమిషం. "గుప్పెడు ఇస్తే ఒక్క నిమిషంలో అయిపోద్దండి, ఒక్కోటి ఇస్తే గంట వస్తాది" అంది. వేరుశెనగలు, గట్టి చాక్లెట్లు మాత్రం దగ్గరికి రానివ్వదట, గొంతుకి అడ్డం పడతాయని. మా అమ్మీ పాప చేతికిచ్చి పంపిన తస్బీని కూడా మెల్లగా లాక్కొని మా చెల్లెలి సంచిలో పెట్టేసింది. దారం తెగితే తొంభై తొమ్మిది పూసలు, ఏది మింగిందో ఎవరు లెక్కపెడతారు? మామిడి తాండ్ర మాత్రం సై అంది. ఆత్రేయపురం తాండ్ర సన్నగా చింపి ఇస్తే నములుతూ కూర్చుంటుంది, కింద పడదు, చేతికి పాకం అంటదు. కాకినాడ కాజా గురించి మేం అడిగితే నవ్వి, "మీ చొక్కా మీ ఇష్టం" అంది.

బొమ్మలు కొత్తవే ఉండాలట, ఖరీదైనవి కానక్కర్లేదు. ఒక్కసారే అన్నీ బయటపెట్టకూడదు. ఒకటి విసుగొచ్చాక దాన్ని దాచి ఇంకొకటి. మోగే బొమ్మలు, గుండ్రంగా దొర్లేవి వద్దు. ముందు సీటు కిందికి పోతే దాని కోసం ఇంకో ఏడుపు. ఏమీ లేకపోతే ఓణీ చాలు, దోబూచులాడొచ్చు. బురఖాతో దోబూచులు ఇంకా బాగుంటాయని మా చెల్లెలు అప్పుడు కనిపెట్టింది. చప్పట్లు, తారంగం, వేళ్ళు లెక్కపెట్టడం, ఇవన్నీ నడుముకి బెల్టు ఉండగానే ఆడే ఆటలు. చేతులకి పనుంటే నడుముకున్న పట్టీ గుర్తురాదు అన్నది ఆవిడ లెక్క. పిల్ల ఏడ్చాక ఆట వెతికితే లాభం లేదు. ఏడవకముందే, బెల్టు దీపం వెలగబోయే ముందే కొత్త బొమ్మ తీయాలి.

ఫోను సంగతి కూడా అడిగాం. రెండేళ్ళు నిండని పిల్లకి తెర చూపించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందని మాకు తెలుసు. ఆవిడకి తెలీదు, అయినా ఫోను ఆఖరికే తీయాలంది. దిగేటప్పటి అరగంటకి దాచుకోవాలట. పైన నెట్ రాదు కాబట్టి బొమ్మల కథలు ఇంట్లోనే ఎక్కించుకోవాలి. విమానంలో ఒక అరగంట ఫోను చూపించడం హరామేమీ కాదని మేం కూడా ఒప్పుకున్నాం.

దిగే అరగంట ముందు పాప నిద్రపోయింది. మేం హమ్మయ్య అనుకుంటే ఆవిడ లేపింది. మా చెల్లెలికి ఒళ్ళు మండింది. విమానం కిందికి వచ్చేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పెడతాయి, గుటకలు వేస్తే సర్దుకుంటాయి, నిద్రలో గుటకలు పడవు. పాలివ్వమంది. నలుగురి మధ్యలో పాలివ్వడానికి చీరకంటే బురఖా సుఖం. మా బురఖా మీద దేశంలో ఇంత చర్చ జరిగింది, ఈ లాభం ఎవరూ రాయలేదు. పాప పాలు తాగుతూ, నడుముకి బెల్టుతో, చప్పుడు లేకుండా దుబాయ్‌లో దిగింది.

దిగాక పెట్టెల దగ్గర నిలబడి ఆవిడ చెప్పిన మాటొకటి ఉంది. అక్కడి ఇంట్లో చిన్నపిల్లాడికి కారులో ప్రత్యేకంగా సీటుందట. నాలుగేళ్ళ లోపు పిల్లలకి ఆ సీటు తప్పనిసరని యు.ఎ.ఇ.లో 2017 జులై నుంచి చట్టం. విమానంలో కూడా ఆ పిల్లాడికి సొంత సీటు కొంటారు, భుజాల మీదుగా వచ్చే పట్టీ ఒకటి సీటుకి తగిలిస్తారు. "రెండు పట్టీలూ రోజూ నేనే బిగిస్తాను" అంది. ఆవిడకి కొడుకున్నాడు, అప్పటికి మూడేళ్ళు. వాళ్ళమ్మ దగ్గర వదిలి వచ్చింది. వాడు బడికి, అంగన్‌వాడీకి, మేనమామ బండి మీద ముందు ట్యాంకు మీద కూర్చొని వెళ్తాడట. ఫోనులో వీడియో చూపించి నవ్వింది. మేం ఏమీ అనలేదు.

ఆ భుజాల పట్టీ గురించి తర్వాత తెలుసుకున్నాం. కేర్స్ అంటారు. 2006లో అమెరికా విమానయాన శాఖ ఒప్పుకుంది. పది నుంచి ఇరవై కిలోల పిల్లలకి, సొంత సీటుంటేనే. చేతిసంచిలో పట్టేంత చిన్నది. వాడనిస్తారో లేదో ఎక్కే విమానం వాళ్ళని ముందే అడగాలి. కారు సీటు తీసుకెళ్ళేవాళ్ళయితే విమానంలో వాడొచ్చని దాని మీద రాసి ఉండాలి. కొందరు విమానాల్లో ముందు గోడకి తగిలించే ఉయ్యాల కోసం పోట్లాడతారు. అది చిన్న బిడ్డకే, బరువు దాటితే ఇవ్వరు, పైగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కుదుపుల్లోనూ బిడ్డని అందులోంచి తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకోవాల్సిందే.

సీట్ల విషయంలో మంచి జరిగిందీ చెప్పాలి. ఇదివరకు తల్లికి ఒక వరస, మూడేళ్ళ పిల్లకి ఇంకో వరస వచ్చేది, పక్కన కావాలంటే డబ్బు కట్టమనేవాళ్ళు. మా బంధువుల అమ్మాయి ఒకతె ఇలాగే విమానమంతా తిరిగి అందర్నీ బతిమాలుకుంది. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి, ఒకే పి.ఎన్.ఆర్. మీద ఉన్న తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి పక్కన సీటివ్వాలని 2024 ఏప్రిల్‌లో డి.జి.సి.ఎ. విమాన సంస్థలకి చెప్పింది. కాబట్టి ఏజెంటు తల్లికి ఒకటి, పిల్లకి ఒకటి వేరువేరుగా బుక్ చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఒకే నంబరు మీద తీయించండి.

మా వీధి చివరింటి అమ్మాయి వచ్చే నెల మస్కట్ వెళ్తోంది. పాపకి ఇరవై మూడు నెలలు. టికెట్టు కాగితం పట్టుకొని వచ్చి, "చిచ్చా, ఇది సరిగ్గా ఉందో లేదో చూడండి" అంది. రానూపోనూ ఒడి టికెట్టే రాశాడు ఏజెంటు. మూడు నెలల తర్వాత తిరిగొచ్చేసరికి పాపకి రెండేళ్ళు నిండి ఉంటాయి, అప్పుడు ఒళ్ళో కూర్చోనివ్వరు. తిరుగు టికెట్టు సీటుతో మార్పించమని ఫోను చేసి చెప్పాం. ఎంత తేడా అవుతుందో సాయంత్రానికి చెప్తానన్నాడు. ఆ అమ్మాయి మరమరాల డబ్బా ఏ సైజుది కొనాలని అడుగుతోంది.